తీగ లాగితే డొంక కదలకూడదు

మాండొలిన్‌కి మామూలుగా ఎనిమిది తీగలుంటాయి, రెండేసి చొప్పున నాలుగు జతలు. పాలకొల్లు ఉప్పలపు శ్రీనివాస్ చేతిలో లోకం చూసిన మాండొలిన్‌కి ఉన్నవి ఐదే. అవీ జతలు కావు, ఒంటి తీగలు. కడుపు బోలుగా ఉండదు. గట్టి చెక్క, దాని మీద పికప్, అక్కణ్ణించి యాంప్లిఫయర్‌కి పోయే వైరు. తెలియనివాళ్లు చూస్తే పిల్లల కోసం చేసిన ఎలక్ట్రిక్ గిటార్ అనుకుంటారు. పనితీరు లెక్కన చూస్తే వాళ్లు అనుకున్నదాంట్లో పెద్ద తప్పేమీ లేదు.

ఎలక్ట్రిక్ గిటార్ కొనబోయే కుర్రాళ్ల మధ్య ఎప్పటికీ తెగని వాదన ఒకటుంది. తీగలు ఆనుకునే బ్రిడ్జి కదలకుండా బిగించి ఉన్నది తీసుకోవాలా, లివర్ పట్టుకుని ఊపితే కదిలే ట్రెమొలో ఉన్నది తీసుకోవాలా? పెద్దవాళ్లు “ఎవరి ఇష్టం వాళ్లది” అని తేల్చేస్తారు. నా ఉద్దేశంలో ఇందులో ఇష్టాయిష్టాల పాలు తక్కువే. స్వరాన్ని కదిపే పని ఎవరికి అప్పజెప్పారు, ఎడమచేతి వేళ్లకా, బ్రిడ్జికా? అది తేలితే మిగతా గిటార్ ఎలా ఉండాలో చాలావరకు తేలిపోతుంది. ఆ విషయంలో గోదావరి జిల్లాల వాద్యకారులు ఎలక్ట్రిక్ గిటార్‌తో నిమిత్తం లేకుండానే ఒక పక్షాన నిలబడి ఉన్నారు.

ద్రాక్షారామంలో 1922లో ఈమని శంకరశాస్త్రి పుట్టారు. కాకినాడలో 1936లో చిట్టిబాబు. పాలకొల్లులో 1969లో శ్రీనివాస్. మొదటి ఇద్దరూ గురుశిష్యులు, వైణికులు. ఈ ముగ్గురి వాద్యంలో ఉమ్మడిగా ఉన్న సంగతి ఒకటే: కుడిచెయ్యి ఒక్కసారి మీటుతుంది, ఆ మీటు బతికున్నంతసేపూ ఎడమచెయ్యి స్వరాన్ని నడిపిస్తుంది. చిట్టిబాబు ‘కొమ్మలో కోయిల’ విన్నవాళ్లకి ఇది వివరించనక్కర్లేదు. కోయిల కూతలో స్వరం పైకి పాకే తీరు మెట్టు మెట్టుకీ విడివిడిగా మీటితే రాదు. తీగని లాగాల్సిందే.

వీణ నిర్మాణమంతా ఆ లాగుడు కోసమే ఉంటుంది. స్థాయికి పన్నెండు చొప్పున రెండు స్థాయిలకు 24 మెట్లు, మైనం దిమ్మ మీద ఎత్తుగా నిలబెట్టినవి. వేలు మెట్టు మీద నొక్కి తీగని పక్కకి లాగితే దారికి ఏదీ అడ్డం రాదు. ఒకే మెట్టు దగ్గర నిలబడి నాలుగైదు స్వరాల దూరం వెళ్లి రావచ్చు. ఇంతగా లాగినా అవతలి కొసన ఉన్న బ్రిడ్జి మాత్రం వెంట్రుకవాసి కదలదు. తీగల చివర లంగర్లుంటాయి. బిరడా తిప్పి శ్రుతి పట్టాక మిగిలిన రవ్వంత తేడాని లంగరు జరిపి సరిచేసుకుంటారు. బిరడా దగ్గర ముతక సవరణ, బ్రిడ్జి వైపు సన్న సవరణ. అమెరికాలో ఫ్లాయిడ్ రోజ్ అనే ఆయన ఎలక్ట్రిక్ గిటార్‌కి రూపొందించిన ట్రెమొలోలో తీగ రెండు కొసలనీ తాళం వేసినట్టు బిగించేస్తారు. బిగించాక బిరడాలు పనికిరావు గనక, బ్రిడ్జి మీదే సన్న సవరణకి మరలు పెట్టాల్సి వచ్చింది. మన లంగరు చేసేది ఆ మరల పనే.

తీగని లాగితే స్వరం ఎందుకు పెరుగుతుందో అందరికీ తెలిసినట్టే ఉంటుంది. ఎంత లాగితే ఎంత పెరుగుతుందన్న లెక్క దగ్గరే ఆశ్చర్యం మొదలవుతుంది. ఫ్రాన్సుకు చెందిన మెర్సెన్ 1636లో ప్రచురించిన పుస్తకంలో చెప్పిన సూత్రాలే ఇప్పటికీ ఆధారం. పొడవు సగం చేస్తే స్వరం ఒక స్థాయి పెరుగుతుంది. బిగువు పెంచి అదే పని చేయాలంటే రెండింతలు చాలదు, నాలుగింతలు కావాలి. చిన్న అడుగులకి ఇదే లెక్క వేస్తే, ఒక సెమీటోను, అంటే ఒక మెట్టు, పైకి వెళ్లడానికి బిగువు 12 శాతం పైచిలుకు పెరగాలి, రెండు సెమీటోన్లకి 26 శాతం. తోడి రాగంలో గాంధారం ఒకచోట కుదురుగా నిలబడదు. కింద రిషభానికీ పైన మధ్యమానికీ నడుమ ఊగుతుంది. రిషభం మెట్టు మీద వేలుంచి ఒకే లాగుతో మధ్యమం దాకా పోవాలంటే నాలుగు సెమీటోన్ల దూరం, అంటే తీగ బిగువు దాదాపు 59 శాతం పెరగాలి. మళ్లీ అంతా వదలాలి. అదీ క్షణంలో, అదీ పదే పదే.

బిగువు ఇంతలా పెరుగుతోందంటే తీగ బాగా సాగుతోందనుకుంటాం. గిటార్‌లో అన్నిటికన్నా సన్నని తీగ సంగతి చూడండి. మందం అంగుళంలో నూరోవంతు, మెడ చివర తీగలు ఆనే నట్ నుంచి బ్రిడ్జికి 648 మిల్లీమీటర్లు, శ్రుతి సెకనుకి 330 కంపనాలు. ఈ కొలతలకి దాని బిగువు సుమారు 7 కిలోల బరువు వేలాడదీసినంత. ఆ బిగువులో ఉక్కు సాగిందే నాలుగున్నర మిల్లీమీటర్లు. అక్కణ్ణించి రెండు సెమీటోన్లు పైకి పోవడానికి అదనంగా సాగాల్సింది ఒక మిల్లీమీటరు, ఆపైన మరికాస్త. మిల్లీమీటరు అటూఇటూ అయితే స్వరస్థానమే మారిపోయే చోట, బ్రిడ్జి కదలడం చిన్న విషయం కాదు. అది ముందుకి మిల్లీమీటరులో పదోవంతు వాలినా చాలు, ఈ తీగ సెమీటోనులో దాదాపు ఆరోవంతు దిగిపోతుంది. చెవి పట్టేస్తుంది.

శ్రీనివాస్ తండ్రి సత్యనారాయణ క్లారినెట్ విద్వాంసులు. ఇంట్లో ఉన్న మాండొలిన్‌ని కొడుకు ఆరేళ్ల వయసులో చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత గురువుగా దొరికిన రుద్రరాజు సుబ్బరాజు, చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. ఆయనకి మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు విన్నదాన్ని తీగల మీద వెతుక్కునేవాడు. విజ్ఞానం వైపు నుంచి చూస్తే నాకు ఈ కథలో అన్నిటికన్నా విలువైన వివరం ఇదే. మాండొలిన్ వచ్చిన గురువు దొరికి ఉంటే ఆ వాయిద్యానికి అలవాటైన వేళ్ల పద్ధతులు నేర్పేవారు. గొంతు దగ్గర నేర్చుకున్నవాడికి ఆ హద్దులు తెలియవు. గొంతు చేసిందల్లా వాయిద్యం చేసి తీరాలి. చేయకపోతే మారాల్సింది వాయిద్యమే.

మాండొలిన్ రెండు చోట్ల మొరాయిస్తుంది. జత తీగలు మొదటి చిక్కు. రెండింటినీ ఒకే వేలితో పక్కకి లాగితే రెండూ సరిగ్గా ఒకే మేరకు సాగవు. ఒకటి సెకనుకి 440 కంపనాల దగ్గరా రెండోది 444 దగ్గరా ఉంటే నాదం సెకనుకి నాలుగుసార్లు ఉబ్బి తగ్గుతుంది. శ్రుతి కలవని రెండు నాదస్వరాలు పక్కపక్కన వింటే చెవికి తగిలే గరగర అదే. నిలకడ స్వరాలకి జత తీగ అందం, గమకానికి అదే శత్రువు. జతలు విడదీసి ఒంటి తీగ పెట్టడమొక్కటే దారి.

రెండోది నాదం ఆయుష్షు. మామూలు మాండొలిన్‌లో తీగ కదలిక బ్రిడ్జి ద్వారా పైచెక్కకి దిగి, చెక్క నుంచి గాలిలోకి పోతుంది. ఎంత గట్టిగా వినిపిస్తే తీగలో దాచుకున్న శక్తి అంత త్వరగా ఖర్చవుతుంది. పొట్టి తీగ, సన్న తీగ, అందులో దాగేదే కొంచెం. ఇలా మీటగానే అలా ఆరిపోతుంది. అందుకే ఇటలీ మాండొలిన్ కళాకారులు పొడుగు స్వరం కావాల్సినప్పుడల్లా చకచకా మీటుతూనే ఉంటారు. మన ఆలాపనకి ఆ కిటుకు పనికిరాదు, మీటు మీటుకీ గమకం ముక్కలైపోతుంది.

ఎలక్ట్రిక్ అనగానే చప్పుడు పెంచడానికి అనుకుంటాం. సభలో వినబడటం కోసమే అయితే మైకు చాలు. గట్టి చెక్క చేసే మేలు వేరు. అది పెద్దగా కంపించదు, గాలిని కదపదు, తీగ నుంచి శక్తిని తక్కువగా లాక్కుంటుంది. వినిపించే బాధ్యత పికప్‌ది. అయస్కాంతం చుట్టూ సన్నని రాగి తీగ చుట్ట, దాని మీదుగా ఉక్కు తీగ ఊగితే చుట్టలో కరెంటు పుడుతుంది. 1831లో ఫారడే చూపించిన సూత్రమే. తీగ తన ఆస్తిని దాచుకుంటుంది, యాంప్లిఫయర్ బయటి కరెంటు ఖర్చుపెట్టి మనకి వినిపిస్తుంది. మీటు ఎక్కువసేపు బతికితే ఎడమచేతికి పని చేసుకునే వ్యవధి దొరుకుతుంది. అమెరికాలో ఫెండర్ కంపెనీ 1956లోనే నాలుగు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ అమ్మకానికి పెట్టింది. అది అక్కడి సంగీతం కోసం. శ్రీనివాస్ ఐదో తీగ చేర్చుకున్నారు, స్థాయి విస్తృతి కోసం.

మాండొలిన్ పొట్టితనంలో ఇంకో తిరకాసు ఉంది. గిటార్ తీగ 648 మిల్లీమీటర్లయితే మాండొలిన్ తీగ 350 దరిదాపుల్లో ఉంటుంది. మందం, బిగువు సమానమనుకుంటే, వేలు పక్కకి జరిగిన దూరం ఒకటే అయినా పొట్టి తీగలో శ్రుతి మార్పు మూడింతలకు పైగా ఉంటుంది. వేలికి శ్రమ తగ్గుతుంది, గురి మాత్రం మూడింతలు కావాలి. శ్రీనివాస్ లాగుడుతో పాటు మెట్ల మీదుగా వేలు జార్చే జారు కూడా వాడుకున్నారు, రెండింటినీ అతుకు కనబడకుండా కలిపారు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో మొదటి కచేరీ, 1981లో మద్రాసు ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీలో అరంగేట్రం. అప్పటికి ఆయనకి పన్నెండేళ్లు. “మాండొలిన్‌లో కర్ణాటకమేమిటి” అన్న పెదవి విరుపులు ఆ కచేరీలతోనే తగ్గుతూ వచ్చాయి.

ఇక కదిలే బ్రిడ్జి కథ. 1950లో ఫెండర్ తెచ్చిన గట్టి చెక్క గిటార్‌కీ, 1952లో గిబ్సన్ తెచ్చిన లెస్ పాల్‌కీ బ్రిడ్జి కదిలేది కాదు. 1954లో ఫెండర్ స్ట్రాటోకాస్టర్ వచ్చింది. దాని బ్రిడ్జిని ముందు అంచున ఆరు మరల మీద ఆనించి, కింద ఇనుప దిమ్మ తగిలించి, ఆ దిమ్మని గిటార్ వెనక గుంటలో దాచిన స్ప్రింగులతో వెనక్కి లాగి ఉంచారు. ఐదు స్ప్రింగుల దాకా పెట్టుకునే చోటుంటుంది. పైన తీగలు ముందుకి లాగుతుంటాయి, మామూలు ఆరు తీగల సెట్టు మొత్తం బిగువు 45 కిలోలకు పైమాటే. కింద స్ప్రింగులు వెనక్కి లాగుతుంటాయి. బ్రిడ్జి త్రాసు ముల్లులా నడుమ నిలబడుతుంది. లివర్ నొక్కితే తీగలు వదులై స్వరాలన్నీ కిందికి జారతాయి, వదిలితే మళ్లీ పైకొస్తాయి. 1969లో ఉడ్‌స్టాక్ సంగీతోత్సవంలో గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ అమెరికా జాతీయగీతం వాయిస్తూ బాంబుల మోత, విమానాల రొద వినిపించింది ఈ లివర్ పుణ్యమే. అంతగా ఊపితే తీగలు నట్ దగ్గర ఇరుక్కుని శ్రుతి తప్పుతుంటాయి. ఆ బాధ తీర్చడానికే ఫ్లాయిడ్ రోజ్ 1970ల చివర రెండు కొసలకీ తాళాలు బిగించాడు.

ఇప్పుడు ఇలా నడుమ తేలే బ్రిడ్జి ఉన్న గిటార్ మీద ఒక్క తీగని గమకానికని లాగి చూడండి. రెండు సెమీటోన్ల లాగుడుకి ఆ ఒక్క తీగలో దాదాపు రెండు కిలోల బిగువు పెరుగుతుంది. స్ప్రింగులకి అది ఏ తీగ నుంచి వచ్చిందో తెలియదు, మొత్తం పెరిగిందని మాత్రమే తెలుస్తుంది. బ్రిడ్జి కాస్త ముందుకి వాలుతుంది. వాలగానే మిగతా ఐదు తీగలూ వదులై శ్రుతి దిగుతాయి. లాగిన తీగ కూడా అనుకున్న చోటికి చేరదు, ఇంకాస్త లాగాలి, లాగితే బ్రిడ్జి ఇంకాస్త వాలుతుంది. తీగ లాగితే డొంకంతా కదలడమంటే అక్షరాలా ఇదే. దొంగల ముఠాని పట్టుకునేటప్పుడు మంచిదే, పక్కన షడ్జం తీగ శ్రుతిగా మోగుతుండగా తోడి వాయించేటప్పుడు మాత్రం కొంప మునిగినట్టే. మెలోడీ తీగ ఊగుతుంటే ఆధార షడ్జం కూడా దానికి ఎదురుదిశలో ఊగుతుంది. మన సంగీతంలో కదలకూడనిది ఏదైనా ఉంటే అది షడ్జమే కదా.

పైగా ఐదు తీగలూ సమానంగా దిగవు. మందం, లోపలి ఉక్కు, చుట్టిన తీగ బరువు వేరు వేరు గనక ఒక్కోటి ఒక్కో మేరకు దిగుతుంది. లివర్ నొక్కినప్పుడు కలిసి మోగే స్వరాలన్నీ చెదిరినట్టు వినిపించేది అందుకే. 1980లలో నెడ్ స్టైన్‌బర్గర్ ఆరు తీగల్నీ ఒకే నిష్పత్తిలో కదిపే యంత్రం ఒకటి చేశాడు. అద్భుతమైన పనితనం, ధరా అలాంటిదే. ఎక్కువమంది జోలికి పోలేదు.

అయితే ట్రెమొలోతో గమకం రాదని కొట్టిపారేయడానికి లేదు. ఇంగ్లండు గిటారిస్టు జెఫ్ బెక్ 2001లో, నితిన్ సాహ్నీ కట్టిన ‘నదియా’ అనే పాటని గిటార్ మీద వాయించాడు. అసలు పాట హిందుస్తానీ గొంతుతో పాడినది. ఆ గొంతులోని వంపులని బెక్ లివర్‌తోనూ స్లైడ్‌తోనూ రాబట్టాడు. వింటే నమ్మబుద్ధి కాదు. కానీ ఆయన ఒకేసారి ఒకే స్వరం మోగించాడు, శ్రుతి తీగ పెట్టుకోలేదు. మిగతా తీగలు ఎటు పోయినా ఎవరికీ వినపడదు. స్వరం కదిపే పనిని ఆయన కుడి అరచేతికి అప్పజెప్పాడు, గిటార్‌ని అందుకు తగ్గట్టు ఎంచుకున్నాడు. ఎదురుపక్షంలో గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ ఉన్నాడు. 1970లలో శక్తి బృందం కోసం ఆయన చేయించుకున్న అకూస్టిక్ గిటార్‌లో మెట్ల మధ్య చెక్కని గుంటలుగా తొలిపించాడు. వేలు చెక్కని తాకకుండా తీగని లాగడానికి, అంటే వీణ మెట్ల ఎత్తు గిటార్‌లోకి తెచ్చుకోవడానికి. శ్రుతికి అడ్డంగా వేరే తీగలు కూడా పెట్టించాడు. 1997లో మొదలైన ‘రిమెంబర్ శక్తి’లో తర్వాత శ్రీనివాస్ ఆయన పక్కన కూర్చున్నారు. 2014 సెప్టెంబరు 19న, 45 ఏళ్లకే శ్రీనివాస్ చెన్నైలో కన్నుమూశారు. తమ్ముడు రాజేష్ మాండొలిన్‌ని కొనసాగిస్తున్నారు.

శాస్త్రీయ సంగీతంతో పనిలేని పెళ్లి ఆర్కెస్ట్రా గిటారిస్టుకి ఈ గోల ఎందుకంటారా? అతనికి లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. పాట మధ్యలో ఒక తీగ తెగిందనుకోండి. కదలని బ్రిడ్జి ఉంటే మిగిలిన ఐదూ దాదాపు శ్రుతిలోనే ఉంటాయి, పాట లాగించేయొచ్చు. తేలే బ్రిడ్జి అయితే ఏడు కిలోల లాగుడు ఒక్కసారిగా పోయి బ్రిడ్జి వెనక్కి వాలుతుంది, ఐదు తీగలూ పైశ్రుతికి ఎగబాకుతాయి. ఫ్లాయిడ్ రోజ్ రకమైతే కొత్త తీగ ఎక్కించడానికి అలెన్ కీ వెతకాలి, తీగ చివరి గుండు కత్తిరించాలి, తాళం బిగించాలి, మళ్లీ ఆరూ శ్రుతి చేయాలి. ఈలోపు తలంబ్రాలు కూడా అయిపోతాయి.

తీరం దగ్గరి ఉప్పుగాలికి తీగలు త్వరగా తుప్పు పడతాయి, తుప్పు పట్టిన తీగ తెగే తరుణం చెప్పిరాదు. వానాకాలపు తేమకి మెడ చెక్క వంపు రవ్వంత మారితే చాలు, తీగల బిగువు మారుతుంది. కదలని బ్రిడ్జిలో ఆ తేడా చిన్న సవరణతో పోతుంది, తేలే బ్రిడ్జిలో త్రాసు మొత్తం మళ్లీ తూచుకోవాలి. పందిట్లో ట్యూబులైట్లు, జనరేటరు, ఎర్తింగ్ లేని బోర్డు కలిస్తే వచ్చే గుర్రుమనే 50 కంపనాల మోత ఇంకో బెడద. దానికి బ్రిడ్జితో సంబంధం లేదు. 1955లో సేత్ లవర్ రూపొందించిన జంట చుట్టల పికప్ ఉంటే ఒక చుట్టలోకి చొరబడ్డ రొదని రెండోది కొట్టేస్తుంది. బ్రిడ్జి గురించి గంటలు గంటలు వాదించే కుర్రాళ్లు ఈ పికప్ సంగతి అడగకపోవడం నాకు వింతగా ఉంటుంది.

కదలని బ్రిడ్జికి నాదం ఎక్కువసేపు నిలుస్తుందని దుకాణాల్లో చెబుతారు. సూత్రప్రాయంగా నిజమే, కదిలే వస్తువు కొంత శక్తిని మింగుతుంది. కానీ కొత్త తీగకీ తుప్పు తీగకీ ఉన్నంత తేడా అందులో ఉండదు. ఆ ఒక్కదాని కోసం ట్రెమొలోని వదులుకోనక్కర్లేదు. ట్రెమొలో గిటార్ ఇప్పటికే ఇంట్లో ఉంటే అమ్మేయనూ అక్కర్లేదు. వెనక మూత తీసి, దిమ్మకీ గుంట గోడకీ మధ్య సరిగ్గా పట్టే చెక్కముక్క దిగ్గొట్టి, స్ప్రింగులు గట్టిగా బిగిస్తే అది కదలని బ్రిడ్జే. ఎరిక్ క్లాప్టన్ తన స్ట్రాటోకాస్టర్లని ఇలాగే వాడతాడు. మనసు మారితే ముక్క తీసేయడం నిమిషం పని.

కొత్తది కొనేటప్పుడు మాత్రం దుకాణంలోనే ఒక పరీక్ష చేసుకోండి, యాంప్ కూడా అక్కర్లేదు. రెండో తీగ ఖాళీగా మోగనిచ్చి, అది మోగుతుండగానే మూడో తీగని పన్నెండో ఫ్రెట్ దగ్గర బాగా పక్కకి లాగండి. మోగుతున్న రెండో తీగ నిలకడగా ఉంటే ఆ గిటార్ మీద గమకాలు సాధన చేసుకోవచ్చు. అది కూడా కిందికి జారితే, ఎంత జారిందో విని, మీరు వాయించే సంగీతానికి అంత జారుడు చెల్లుతుందో లేదో చూసుకుని డబ్బులు తీయండి.